బరువులెత్తేటప్పుడు జోడీ: ఎవరిని ఎంచుకోవాలి, చేయి ఎప్పుడు వేయాలి

ఏడాది పాటు నేను బెంచ్ ప్రెస్‌లో, అంటే బెంచీ మీద వెల్లకిలా పడుకుని రాడ్డును ఛాతీ మీద నుంచి పైకి నెట్టే వ్యాయామంలో, 70 కిలోలు ఎత్తుతున్నాననే అనుకున్నాను. పుస్తకంలో అలాగే రాసుకున్నాను, ఇంట్లో కూడా ఒకటి రెండుసార్లు చెప్పుకున్నాను. నా తల వెనుక నిలబడి సపోర్టు ఇచ్చే తమ్ముడు ప్రతి రెప్‌కూ (బరువును ఒకసారి దించి లేపితే ఒక రెప్) "అంతా నీదే అన్నా, నా చేయి ఊరికే ఉంది" అనేవాడు. ఒకసారి అతను పెళ్లికని ఊరు వెళ్లాడు. ఆ వారం, ఎవరితోనూ మాట్లాడకుండా తన పని తాను చేసుకుపోయే ఒక పెద్దాయనను సపోర్టుకు పిలిచాను. ఆయన రెండు చేతులూ రాడ్డుకు జానెడు దూరంలో పెట్టి నిలబడ్డారు. ముట్టుకోలేదు. రోజూ ఆరు రెప్స్ చేసే బరువు మూడో రెప్ సగంలో ఆగిపోయింది. ఆయన రాడ్డు అందుకుని స్టాండు కొక్కేలలో పెట్టి, "ఇన్నాళ్లూ మీ వెనుక నిలబడిన అబ్బాయికి వీపు బాగా పెరిగి ఉండాలే" అన్నారు.

ఇంటికి వచ్చి 70 కొట్టివేసి 60 అని రాసుకున్నాను. తమ్ముడి తప్పేమీ లేదు. మన జిమ్ములలో సపోర్టు అంటే రాడ్డు కింద వేళ్లు పెట్టి పైకి లాగడమేనని అందరం పక్కవారిని చూసే నేర్చుకున్నాం. జోడీ ఉంటే మంచిదని చెప్పేవారు చాలామందే ఉంటారు. ఆ జోడీ ఎక్కడ నిలబడాలో, చేయి ఎప్పుడు వేయాలో, ఎప్పుడు వేయకుండా ఊరుకోవాలో చెప్పేవారు మాత్రం అరుదు. ఆ పెద్దాయన తరువాత కొన్ని నెలలు నాకు జోడీగా ఉన్నారు. ఇక్కడ రాసినదానిలో చాలా భాగం ఆయన దగ్గర నేర్చుకున్నదే.

ముందుగా ఒక్క మాట. రక్తపోటు, గుండె జబ్బు, నడుము డిస్క్ సమస్య, హెర్నియా ఉన్నవారు డాక్టరును అడగకుండా పెద్ద బరువుల జోలికి వెళ్లవద్దు. ఊపిరి బిగబట్టి బరువు నెట్టేటప్పుడు రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. పక్కన ఎంత మంచి జోడీ ఉన్నా దాన్ని ఆపలేడు.

1. జోడీని వెతకండి

జిమ్ములో అందరికంటే ఎక్కువ ఎత్తేవాడి దగ్గరికి వెళ్లాలని మొదట అనిపిస్తుంది. వెళ్లకండి. అతనికి 100 కిలోలు వామప్ అయితే మీ 40 కిలోల సెట్టు (ఆగకుండా వరుసగా చేసే కొన్ని రెప్స్) మీద అతని ధ్యాస నిలవదు. పైగా ప్లేట్లు ఎక్కించడం, దించడంతోనే గంట గడిచిపోతుంది. అలాగని సరిగ్గా మీ అంత బలమే ఉన్నవారి కోసం వెతకనక్కరలేదు.

1920లలో ఓటో కోలర్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త బెర్లిన్‌లో పడవ పందేల క్లబ్బు సభ్యుల చేత బరువులు ఎత్తించి చూశారు. మొదట ఒక్కొక్కరినీ విడిగా, చేతులు పడిపోయేదాకా మోచేయి మడిచి రాడ్డు ఎత్తమన్నారు. తరువాత ఇద్దరికీ కలిపి ఒకే రాడ్డు ఇచ్చారు, బరువు రెట్టింపు చేశారు. ఒకరు వదిలేస్తే రెండోవారు మోయలేరు కాబట్టి ఆట అక్కడితో ముగుస్తుంది. అలా కలిపినప్పుడు, ఇద్దరిలో బలం తక్కువ ఉన్నవాడు ఒంటరిగా చేసినదానికంటే ఎక్కువసేపు నిలబడ్డాడు. తన వల్ల పక్కవాడి పని ఆగిపోకూడదన్న పంతం అది. ఇద్దరి బలంలో తేడా మరీ తక్కువైనా, మరీ ఎక్కువైనా ఆ పంతం సడలింది. తేడా మధ్యస్థంగా ఉన్నప్పుడే బాగా కనిపించింది. నా లెక్క ప్రకారం, మీరు 40 ఎత్తుతుంటే 50 ఎత్తేవారు మంచి జోడీ. ఆ పది కిలోలు రోజూ కళ్ల ముందు కనిపిస్తూ ఉండాలి, అందరానంత దూరంలో ఉండకూడదు.

బలం కంటే ముందు చూడవలసింది వేళ. ఆరు గంటలకు వస్తానని ఆరున్నరకు వచ్చేవాడు ఎంత బలవంతుడైనా పనికిరాడు. తెల్లవారుజామున అలారం మోగినప్పుడు మనల్ని మంచం మీద నుంచి లేపేది ఆరోగ్యం మీద శ్రద్ధ కాదు, జిమ్ము మెట్ల మీద ఒక మనిషి మన కోసం కూర్చుని ఉంటాడన్న మొహమాటం. నా మటుకు నాకు జోడీ వల్ల కలిగిన లాభంలో సగం ఇదే.

ఎత్తు కూడా చూసుకోండి. ఇద్దరి మధ్య జానెడు తేడా ఉంటే స్క్వాట్ (భుజాల మీద రాడ్డుతో కూర్చుని లేవడం) స్టాండు కొక్కేలు ప్రతి సెట్టుకూ మార్చాలి. రెండు వారాలకే విసుగు పుడుతుంది.

మాట ఇచ్చేయకుండా ఒక వారం కలిసి చేసి చూడండి. ఆ వారంలో అతను ఎంత ఎత్తుతున్నాడన్నది పట్టించుకోకుండా, పని అయ్యాక ప్లేట్లు ఎక్కడ పెడుతున్నాడో గమనించండి. ప్లేట్లను నేల మీదే వదిలేసి వెళ్లేవాడు, రేపు మీరు రాడ్డు కింద ఉన్నప్పుడు అద్దంలో తన చేతులు చూసుకుంటూ ఉంటాడు. ఇది నా అనుభవం, ఇంతవరకు తప్పలేదు.

2. మొదటి రోజే మాటలు ఖాయం చేసుకోండి

వారంలో ఏ రోజులు, ఎన్ని గంటలకు, ఎంతసేపు ఎదురు చూడాలి అన్నవి ముందే అనుకోండి. మేము పది నిమిషాలు అనుకున్నాం. పది దాటితే వచ్చినవారు మొదలుపెట్టేస్తారు, అలగడాలు లేవు. పాత దెబ్బలు దాచకుండా చెప్పుకోండి: ఎప్పుడో బండి మీద నుంచి పడినప్పటి భుజం నొప్పి, పొద్దున్నే పట్టేసే నడుము, ఏదైనా సరే.

తరువాత, రాడ్డు కింద ఉన్నప్పుడు వాడే మాటలు. జిమ్ములో పాటల హోరు ఉంటుంది, ఎత్తేవాడి దగ్గర ఊపిరి ఉండదు. అందుకని మాట చిన్నదిగా, రెండు అర్థాలకు తావులేకుండా ఉండాలి. మాకు మొదట్లో "వద్దు" అనే మాట ప్రాణం తీసింది. నేను వద్దు అంటే "చేయి వేయవద్దు, నేనే లేపుతాను" అని. మా తమ్ముడికి అది "ఇక నా వల్ల కాదు, వద్దు" అని వినిపించేది. "అయింది" కూడా అంతే: ఒక రెప్ అయిందా, పని అయిందా, ఓపిక అయిపోయిందా? ఆ రెండు మాటలూ మానేశాం. ఇప్పుడు మాకు ఉన్నవి మూడు. "ఇవ్వు" అంటే స్టాండు నుంచి రాడ్డు తీసి ఇవ్వాలి. "ఉండు" అంటే ముట్టుకోకూడదు. "తీసుకో" అంటే ఆ క్షణంలోనే రెండు చేతులతో పట్టుకోవాలి. "తీసుకో" అన్నాక ఇంకొకటి లాగుదాం రా అని ప్రోత్సహించడం నిషిద్ధం.

ప్రతి సెట్టుకు ముందు ఎన్ని రెప్స్ చేయబోతున్నారో పైకి చెప్పండి. ఎనిమిది అని చెప్పి ఆరో రెప్‌లో వణికితే, జోడీ ముందే సిద్ధంగా ఉంటాడు.

3. రాడ్డు సరిచూడండి

వెయిట్‌లిఫ్టింగ్ పోటీలలో వాడే మగవారి రాడ్డు 20 కిలోలు, ఆడవారిది 15 కిలోలు. అక్కడ ప్లేట్లకు రంగులుంటాయి: ఎరుపు 25, నీలం 20, పసుపు 15, ఆకుపచ్చ 10. మన వీధి చివర జిమ్ములో అన్నీ నలుపే, అంకెలు సగం చెరిగిపోయి ఉంటాయి. రాడ్డు కూడా ఎక్కడో స్థానికంగా చేయించినదై ఉండవచ్చు. ఒకసారి త్రాసు మీద నిలబెట్టి తూచుకుని బరువు రాసి పెట్టుకోండి. లేదంటే నెలల తరబడి రాసుకున్న లెక్కలన్నీ ఊహే అవుతాయి.

ఇద్దరూ చెరొక వైపు నిలబడి ప్లేట్లు ఎక్కిస్తూ పైకి చదవండి. "ఇటు పది, ఐదు." "ఇటూ పది, ఐదు." పసిపిల్లల ఆటలా ఉంటుంది. కానీ ఒకవైపు 10, మరోవైపు 15 ఎక్కిన రాడ్డును ఒక్కసారి ఎత్తి చూస్తే ఆ ఆట ఎందుకో తెలిసిపోతుంది. దించేటప్పుడు కూడా ఇద్దరూ ఒకేసారి, ఒక్కొక్క ప్లేటు చొప్పున దించాలి. ఒకవైపు మొత్తం ఖాళీ చేస్తే రాడ్డు రెండోవైపు బరువుకు ఒరిగి, తేలిక కొన గాలిలోకి లేస్తుంది. నేను చూసిన జిమ్ములలో దెబ్బలు ఎత్తేటప్పటికంటే ఇలా సర్దేటప్పుడే ఎక్కువ తగిలాయి.

4. బెంచ్ ప్రెస్‌కు సపోర్టు

జోడీ నిజంగా అక్కరకు వచ్చే చోటు ఇది. మనిషి వెల్లకిలా పడుకుని ఉంటాడు, రాడ్డు మెడ మీదుగా, ముఖం మీదుగా ప్రయాణిస్తుంది, తప్పుకునే దారి లేదు. అందుకని ఇక్కడ కొంచెం వివరంగా చెబుతాను.

మీరు సపోర్టు ఇస్తున్నారనుకోండి. బెంచీ తల వైపు, వీలైనంత దగ్గరగా నిలబడండి. పాదాలు భుజాల వెడల్పున, మోకాళ్లు కొద్దిగా మడిచి, వీపు నిటారుగా. దూరంగా నిలబడి నడుము వంచి చేతులు చాపితే, బరువు మీద పడ్డ క్షణంలో ముందు విరిగేది మీ నడుమే. మీ చేతులు అతని చేతులకు లోపలి వైపు ఉండాలి, ఒక అరచేయి పైకి, ఒకటి కిందికి. అలా పట్టుకుంటే రాడ్డు దొర్లదు.

అతని బొటనవేళ్లు చూడండి. బొటనవేలు రాడ్డు చుట్టూ తిరిగి ఉండాలి. కొందరు ఐదు వేళ్లూ ఒకే వైపు పెట్టి అరచేతి మీద రాడ్డు ఆనించుకుంటారు. చెమట పట్టిన అరచేతిలో నుంచి అది జారితే మీరు ఎంత చురుకైనవారైనా అందుకోలేరు. బొటనవేలు తిప్పేదాకా రాడ్డు ఇవ్వనని చెప్పేయండి.

"ఇవ్వు" అనగానే లెక్కపెట్టి, మూడు అంటూ లేపి, అతని భుజాలకు సరిగ్గా పైకి తెచ్చి, మోచేతులు నిటారుగా నిలిచాయని చూసుకుని, మెల్లగా బరువు అప్పగించండి. చటుక్కున వదిలితే ఆ కుదుపుకే సగం బలం పోతుంది. ఇక ఇక్కడి నుంచి మీ చేతులు రాడ్డుతో పాటు కిందికి, పైకి ప్రయాణించాలి, నీడలాగా, రాడ్డును తాకకుండా.

రాడ్డు ఛాతీ నుంచి లేచి నాలుగైదు వేళ్ల ఎత్తుకు వచ్చాక నెమ్మదిస్తుంది. దాదాపు అందరికీ అక్కడే గండం. చూసేవాడికి ఇప్పుడే చేయి దురద పెడుతుంది. ఆగండి. నెమ్మదించడం వేరు, ఆగిపోవడం వేరు. నెమ్మదిగా అయినా పైకే వెళుతోందంటే అది అతని రెప్. కండరం పెరిగేది, ధైర్యం వచ్చేది ఆ రెండు సెకన్లలోనే. మీరు చేయి వేస్తే అతను ఎదురుచూసిన రెప్‌ను మీరు తినేసినట్టే. రాడ్డు పూర్తిగా నిలిచిపోయినా, అంగుళం కిందికి దిగినా, ఒకవైపు బాగా ఒరిగినా, "తీసుకో" అన్న మాట వినిపించినా అప్పుడు మాత్రం తటపటాయించకండి. రెండు చేతులతో గట్టిగా పట్టుకుని కొక్కేల దాకా మోయండి. ఎత్తేవాడు కూడా మీరు పట్టుకున్నారు కదా అని చేతులు సడలించకూడదు. ఇద్దరూ కలిసి స్టాండు దాకా తీసుకువెళ్లాలి. రెండు కొక్కేలలోనూ రాడ్డు కూర్చున్నదని కళ్లతో చూశాకే "కూర్చుంది" అని చెప్పి చేతులు తీయండి. ఒక కొక్కెంలో పడి, రెండోది తప్పిపోయిన సందర్భాలు తక్కువేమీ కాదు.

మెడ చుట్టూ ఒక తువ్వాలు వేసుకోండి. మే నెలలో, ఫ్యాను తిరిగీ తిరగని గదిలో, సపోర్టు ఇచ్చేవాడి నుదుటి చెమట బొట్లు బొట్లుగా సరిగ్గా కింద ఉన్నవాడి కంట్లోనే పడతాయి. నవ్వులాట కాదు. కంట్లో ఉప్పునీళ్లు పడి కళ్లు మూసుకున్న మనిషి చేతుల్లో 60 కిలోలు ఉంటాయి. అరచేతులు కూడా తుడుచుకునే రాడ్డు దగ్గరికి వెళ్లండి.

మీ ఒక్కరి శక్తికి మించిన బరువైతే ఆ మాట మొహమాటం లేకుండా చెప్పి, మరొకరిని పిలవండి. అప్పుడు ఇద్దరూ రాడ్డు రెండు కొనల దగ్గర నిలబడి ఒకే మాట మీద లేపాలి. ఒకరు ముందు లాగితే రాడ్డు పక్కకు తిరిగి, పడుకున్నవాడి భుజం మెలిపడుతుంది. అంతర్జాతీయ పవర్‌లిఫ్టింగ్ పోటీలలో వేదిక మీద కనీసం ఇద్దరు, అత్యధికంగా ఐదుగురు ఈ పని మీదే ఉంటారు. వాళ్లు కూడా ఎత్తుతున్నవాడిని ముందుగా ముట్టుకోరు. ముట్టుకుంటే ఆ ఎత్తు చెల్లదు.

5. స్క్వాట్

ఇక్కడ నా అభిప్రాయం కొంచెం తేడాగా ఉంటుంది. పెద్ద బరువు స్క్వాట్‌కు వెనుక నిలబడిన ఒక్క మనిషిని నేను నమ్మను, ఇనుప కడ్డీలను నమ్ముతాను. స్టాండుకు రెండు వైపులా అడ్డకడ్డీలు ఉంటే, మీరు పూర్తిగా కిందికి దిగినప్పుడు రాడ్డు ఉండే ఎత్తుకు రెండు అంగుళాలు కింద అమర్చండి. ఖాళీ రాడ్డుతో దిగి సరిచూసుకోండి. లేవలేకపోతే కడ్డీల మీద రాడ్డు వదిలి ముందుకు వచ్చేయవచ్చు. ఈ అమరికను చూసి సరిచేయడం జోడీ పని.

కడ్డీలు లేని జిమ్ములో, మధ్యరకం బరువుకు, జోడీ మీ వెనుక దగ్గరగా నిలబడి, మీతో పాటు తానూ కూర్చుని లేవాలి. చేతులు మీ చంకల కిందుగా ఛాతీ ముందుకు చాపి, తాకకుండా ఉంచాలి. మీరు ఆగిపోతే ఛాతీని పైకి లేపాలి. నడుము పట్టుకుని లాగకూడదు, అలా లాగితే మీరు ఇంకా ముందుకు వంగిపోతారు. పెద్ద బరువుకు ఇద్దరు, చెరొక కొన దగ్గర.

ఈ పట్టు శరీరానికి శరీరం ఆనే పట్టు. కాబట్టి ఎవరికైనా సరే, అడగకుండా ఇవ్వకండి. ఆడవారికి ట్రైనర్ సపోర్టు ఇవ్వాలన్నా ముందు అడిగి తీరాలి, వద్దంటే నొచ్చుకోకూడదు. కొనల దగ్గర ఇద్దరు నిలబడినా, అడ్డకడ్డీలు పెట్టినా పని జరుగుతుంది. చాలా ఊళ్లలో ఆడవారికి ప్రత్యేకంగా వేళలు ఉంటాయి. ఆ వేళలో వచ్చే ఇద్దరు జోడీ కడితే ఈ ఇబ్బందే ఉండదు. మొదట రాడ్డు ఒక్కటే పెట్టుకుని సపోర్టు ఇవ్వడం సాధన చేయండి. ఎత్తడం లాగే అదీ సాధనతోనే వస్తుంది.

6. డంబెల్స్

ఒక్కటే సూత్రం: మణికట్ల దగ్గర పట్టుకోండి, మోచేతుల దగ్గర కాదు. పడుకుని డంబెల్స్ నెడుతున్నవాడి మోచేతుల కింద చేతులు పెట్టి ఎగదోయడం ప్రతి జిమ్ములోనూ కనిపిస్తుంది. మోచేయి మడతపడితే డంబెల్ నేరుగా ముఖం మీదికి వస్తుంది, మీ చేతులేమో కింద ఇరుక్కుని ఉంటాయి. మెషీన్ల దగ్గర సపోర్టు అక్కరలేదు. అక్కడ జోడీ పని పిన్ను మార్చడం, ఫోను చూడనివ్వకపోవడం.

7. అసలు చేయి వేయకూడని చోట్లు

డెడ్‌లిఫ్ట్ (నేల మీది రాడ్డును పట్టుకుని నిటారుగా నిలబడడం), స్నాచ్ (నేల నుంచి ఒకే ఊపులో తల మీదికి ఎత్తడం), క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాల దాకా, తరువాత తల మీదికి ఎత్తడం). వీటికి సపోర్టు లేదు. చివరి రెండింటిలో రాడ్డు వేగంగా కదులుతుంది, తప్పితే ఎటు పడుతుందో తెలియదు, మధ్యలో వేలు పెట్టినవాడికే దెబ్బ. ఎత్తేవాడు రాడ్డు వదిలి తప్పుకోవడమే ఇక్కడ పద్ధతి.

మా శ్రీకాకుళం జిల్లా ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలతో కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమె. చివరి ప్రయత్నంలో 137.5 కిలోలకు వెళ్లారు. అది నిలవలేదు, రాడ్డు కింద పడింది. వేదిక మీద ఆమెకు సాయం ఎవరూ లేరు, ఉండకూడదు కూడా. మీ డెడ్‌లిఫ్ట్ దగ్గర మీ జోడీ చేయవలసింది కూడా పక్కనుంచి చూడడమే: వీపు గుండ్రంగా వంగుతోందా, రాడ్డు కాళ్లకు దూరంగా పోతోందా. అద్దంలో అది మీకు కనపడదు, తల తిప్పితే మెడ పట్టేస్తుంది. పక్కన నిలబడినవాడికి మాత్రం పూర్తిగా తెలుస్తుంది.

ఒక సెట్టులో ఒక్క తప్పే చెప్పండి. మోకాళ్లు, నడుము, చూపు, ఊపిరి అన్నీ ఒకేసారి చెబితే వినేవాడు ఏదీ సరిచేసుకోలేడు. అది కూడా సెట్టు అయ్యాక. మధ్యలో చెప్పవలసింది ప్రమాదం ఉన్నప్పుడే, అప్పుడు ఒకటే మాట: "దించు".

8. లెక్క జోడీ చేతికి ఇవ్వండి

రెప్స్ మీరు లెక్కపెట్టకండి, మీ జోడీ పెట్టాలి. మన లెక్క ఎప్పుడూ మన వైపే మొగ్గుతుంది. సగం దిగి లేచింది కూడా మనకు నిండు రెప్పే. జోడీ మాత్రం ఛాతీని తాకని రెప్‌ను లెక్కలో వేయడు. నాలుగు అన్నాక ఐదోది చేసినా మళ్లీ "నాలుగు" అంటాడు. మొదటిసారి ఒళ్లు మండుతుంది.

ఒక పొడుగు నోటుపుస్తకం పెట్టుకోండి. తేదీ, వ్యాయామం, బరువు, రెప్స్. సపోర్టుతో లేచిన రెప్‌ను విడిగా రాయండి. ఆ పెద్దాయన నాకు నేర్పిన పద్ధతి ఇది: ఐదు సొంతంగా, ఒకటి సపోర్టుతో అయితే "5+1". కూడిక చేయకూడదు, ఆరు అని రాయకూడదు. ఆ ప్లస్ తరువాతి అంకె ప్రతి వారం ఉంటోందంటే బరువు ఎక్కువైందన్నమాట. తగ్గించండి. రెండు వారాలు వరుసగా ప్లస్ లేకుండా అనుకున్న రెప్స్ అన్నీ వస్తే, 2.5 కిలోలు పెంచండి, అంటే చెరొక వైపు 1.25. సపోర్టుతో లాగే రెప్స్ చివరి సెట్టులో ఒకటి, మహా అయితే రెండు. ప్రతి సెట్టులోనూ లాగితే మూడో వారానికి భుజాలు మొరాయిస్తాయి.

"ఎంత ఎత్తుతావు?" అన్నదే జిమ్ములో మొదటి పలకరింపు. ఛాతీ మీదికి ఏనుగును ఎక్కించుకున్న కోడి రామ్మూర్తి నాయుడి కథలు వింటూ పెరిగిన ప్రాంతం మాది. ఇక్కడ తక్కువ అంకె చెప్పడానికి నోరు రాదు. పుస్తకం ఎదుటివాడి దగ్గర ఉంటే ఆ బాధ తప్పుతుంది, అంకె చెప్పేది అతనే కనుక.

రెండు సెట్ల మధ్య విశ్రాంతి కూడా దానంతట అదే కుదురుతుంది. ఒకరు చేస్తుంటే మరొకరు ఊపిరి తీసుకుంటారు, ప్లేట్లు మార్చేసరికి రెండు మూడు నిమిషాలు గడుస్తాయి. మూడో మనిషి చేరితే మాత్రం అది వ్యాయామం కాదు, రచ్చబండ.

9. జోడీ రాని రోజున

ఇంటికి వెళ్లిపోకండి, కానీ బెంచ్ ప్రెస్ బరువు తగ్గించండి. అడ్డకడ్డీలు ఉన్న స్టాండు లోపలికి బెంచీ లాక్కుని, కడ్డీలను ఛాతీ ఎత్తుకు కొంచెం కింద పెట్టుకుంటే అన్నిటికంటే క్షేమం. అవి లేకపోతే డంబెల్స్‌తో చేయండి. తప్పనిసరిగా రాడ్డుతోనే ఒంటరిగా చేయాలంటే ప్లేట్లకు లాకులు బిగించకండి. ఇరుక్కుంటే ఒకవైపు వంచి ప్లేట్లు జార్చేయవచ్చు. అవి జారిన మరుక్షణం రెండో వైపు బరువుకు రాడ్డు విసురుగా తిరుగుతుంది, కాబట్టి పక్క బెంచీ మీద ఎవరూ లేరని ముందే చూసుకోండి. తేలిక బరువైతే ఛాతీ మీద నుంచి పొట్ట మీదుగా తొడల దాకా దొర్లించి లేచి కూర్చోవచ్చు. నేను ఒకసారి చేశాను. మూడు రోజులు నవ్వితే పొట్ట నొప్పి పుట్టింది.

తెలియనివారిని సపోర్టుకు పిలిస్తే ముందు మూడు విషయాలు చెప్పండి: ఎన్ని రెప్స్ చేస్తారు, రాడ్డు తీసి ఇవ్వాలా అక్కరలేదా, ఎప్పుడు చేయి వేయాలి. "అన్నా, ఆరు చేస్తాను. ఇవ్వనక్కరలేదు. పూర్తిగా ఆగిపోతేనే పట్టుకో." ఇంత చాలు. చెప్పకపోతే మొదటి రెప్ నుంచే వేళ్లు పెట్టేస్తారు, మంచితనంతోనే.

10. జోడీ మారవలసి వస్తే

బదిలీలు, పెళ్లిళ్లు, పరీక్షలు, పిల్లల బడి వేళలు... ఏ జోడీ అయినా ఏదో ఒక రోజు విడిపోతుంది. తరచుగా ఆలస్యంగా వచ్చేవాడిని, మీరు రాడ్డు కింద ఉండగా ఫోను చూసేవాడిని మీరే మార్చుకోవలసి రావచ్చు. మొదటిదానికి ఒకటి రెండుసార్లు చెప్పి చూడండి. రెండోదానికి చెప్పడం కూడా అనవసరం, ఆ రోజే మారండి. స్నేహం టీ కొట్టు దగ్గర కొనసాగించవచ్చు.

కొత్తవారితో మొదలుపెట్టే రోజు బరువు ఒక మెట్టు దించి, మూడు మాటలూ మళ్లీ సాధన చేయండి. పాత జోడీకి మీ గురించి తెలిసినవన్నీ కొత్తవారికి తెలియవు కదా, అవన్నీ పుస్తకం చివరి పేజీలో రాసి చూపించండి. ఆ పెద్దాయన తన కూతురి దగ్గరికి హైదరాబాద్ వెళ్లిపోయే ముందు నా పుస్తకంలో తన చేతిరాతతోనే రాసి ఇచ్చారు: "ఎడమ భుజం పాత దెబ్బ. కుడి చేయి ముందు లేస్తుంది, కంగారు పడవద్దు. నాలుగు వేళ్ల ఎత్తులో రెండు సెకన్లు ఆగుతాడు, అక్కడ చేయి వేయవద్దు. లెక్క పైకి పెట్టాలి. నీళ్ల సీసా తెచ్చుకోవడం మరిచిపోతాడు."